అనుమానం మింగిన థర్మామీటరు

పోగొట్టకూడని వస్తువును పోగొట్టకూడని చోట పోగొట్టిన ఘనుణ్ణి నేను. భోజనం చేస్తున్నవారు చేయి కడుక్కున్నాకే చదవండి.

నిజాం మీద పోలీసు చర్య ముగిసిన కొత్త. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఓ ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరాను. పారిపోతున్న రజాకార్లు రోగుల వేషంలో మంచాలెక్కుతున్నారని వదంతి. దాంతో దగ్గినవాడల్లా నాకు దొంగలాగే కనిపించేవాడు.

ఓ ఉదయం బోయిగూడ బండివాడు యాదగిరి వచ్చాడు. మాసిన గడ్డం, ఎర్రటి కళ్లు.

"జెరం సారూ, పానం పోతాంది."

"గడ్డమెందుకు పెంచావు?"

"మంగలి దుకాణం బందున్నది గద!"

ఎంత చక్కగా కథ అల్లాడు! నోట్లో థర్మామీటరు పెడదామంటే, ముందే వేడి చాయ్ తాగి వచ్చి ఉంటాడు. నన్నే మోసం చేద్దామనా?

"పక్కకు తిరిగి పడుకో. వెనకనుంచి చూస్తాను."

"గదేంది సారూ! జెరం నెత్తిల ఉన్నది!"

"అబద్ధాలన్నీ పైనే ఉంటాయి" అంటూ పెట్టేశాను.

సరిగ్గా అప్పుడే వీధిలో మిలిటరీ లారీ ఆగింది. వీడి కోసమేననుకుని, చేయి వదిలి కిటికీ దగ్గరకు ఉరికాను. లారీ ఇంజనుకు నీళ్లు పోసుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగితే థర్మామీటరు లేదు!

"ఎక్కడ దాచావు?"

"నన్నడుగుతవేంది? పెట్టింది నువ్వు!"

అనుమానం పెనుభూతమంటారు. నాది బెత్తెడు గాజుపుల్లై అతని కడుపులోకి దూరింది. జ్వరం అతనిది, చెమటలు నావి. విరిగితే గాజుపెంకులు, పాదరసం! ఆముదం సీసా అందుకున్నాను. అప్పుడే పెద్ద డాక్టరుగారు వచ్చారు; యాదగిరిది నాటకమనుకుని ఇలా చేశానని చెప్పగానే నా చేయి పట్టుకుని ఆపారు.

"ఆముదం పోస్తే ముక్కుతాడు, ముక్కితే విరుగుతుంది. వేలు పెట్టి కెలికితే ఇంకా పైకి పోతుంది. దీపం పట్టుకుని, నోరు మూసుకుని నిలబడు."

యాదగిరి ఆయన చెవిలో అడిగాడు: "గీయన ఎవరి మనిషి సారూ? నా లోపట ఏం పెట్టిండు?"

"ఏం కాదు నాయనా. ముక్కకు. నోటితో మెల్లగా గాలి పీల్చు."

నూనె రాసిన గొట్టం నెమ్మదిగా పెట్టి, అందులోంచి రబ్బరు తొడిగిన పొడవాటి పట్టకారు లోపలికి పంపారు. నేను తెలిసిన దేవుళ్లనీ తెలియని దేవుళ్లనీ తలుచుకున్నాను. థర్మామీటరు చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. ఆయన తుడిచి, వెలుగుకెత్తి చూశారు.

"నూట మూడు. ఇదేనా నాటకం?"

యాదగిరి నీరసంగా తలెత్తాడు.

"జెర ఆ సారుకు సుత పెట్టి చూడున్రి. నాకంటె ఆయనకే జెరం నెత్తికెక్కింది."

ఆ క్షణమే స్టెతస్కోపు మీద చేయి వేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరిని ఎంత అనుమానించినా సరే, థర్మామీటరు తోక మాత్రం వదలను.