కొండ మీద వరదకి భయపడిన ఇల్లు

ఆ రోజుల్లో మా తెనాలి, రేపల్లె వైపు వాళ్ళకి ఎత్తు అంటే కాలవ గట్టే. సైకిలు మీద ఆ గట్టు ఎక్కితే చాలు, కిందికి దిగి కాసేపు నిలబడి ఆయాసం తీర్చుకునేవాళ్ళం. మంగళగిరి కొండెక్కి వచ్చినవాడు ఏడాది పొడుగునా ఆ సంగతే చెప్పుకుని వీధిలో గౌరవంగా బతికేవాడు. చూపు ఆనినంత మేరా వరిచేలే, నీళ్ళు ఎటు పారాలో వాటికే తెలియనంత చదునైన నేల. అలాంటి నేల మీద పుట్టి పెరిగిన వాళ్ళం ఓసారి కొండ మీద ఇల్లు కట్టబోయాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వుతో పాటు మా పెద్దమ్మ కూడా వచ్చి ఎదురుగా కూర్చుంటుంది కాబట్టి, నవ్వి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. రేపల్లెలో ఉండేది. ఆవిడకి కోపం ఎక్కువ, ఊపిరి తక్కువ. ఉబ్బసం. పెదనాన్న మీద కోపమొచ్చి "మీకసలు..." అని మొదలుపెట్టి, గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఊపిరి అందుకుని తర్వాతి మాట నోటికొచ్చేసరికి పెదనాన్న చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగిపోయేవాడు. అలా కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన తిట్లన్నీ సగం సగమే తిన్నాడు. (మిగతా సగాలన్నీ ఆవిడ లోపలే ఉండిపోయేవి. అవన్నీ ఎక్కడ దాచుకునేదో పాపం.) ఓ ఏడాది వానాకాలంలో ఆయాసం మరీ ముదిరింది. పడుకోలేదు, తినలేదు, దిళ్ళకి ఆనుకుని కూర్చుని గాలి కోసం నోరు తెరిచేది. తెనాలి తీసుకొచ్చి చూపిస్తే డాక్టరుగారు చెవిలో గొట్టాలు తీసి మెడలో వేసుకుని, "ఈ చెమ్మగాలి ఆమెకి పడదండి. పొడిగాలి ఉండే కొండ ప్రాంతంలో ఉంచగలిగితే చాలాకాలం ఉంటుంది. ఇక్కడే ఇంకో రెండు వానాకాలాలు గడపాలంటే మాత్రం నేనేం చెప్పలేనండి" అన్నాడు. వాళ్ళని దిగబెట్టడానికి నేనూ ఎక్కిన తిరుగు రైల్లో పెదనాన్న దారి పొడుగునా పెద్దమ్మకి విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు. రేపల్లె స్టేషన్లో దిగాక నాతో, "కొండ మీద ఇల్లు కడదాం రా అబ్బాయ్. నువ్వు ప్లాను గియ్యి" అన్నాడు.

ఆయనది బియ్యం వ్యాపారం. మదనపల్లె వైపు ఆయన దగ్గర బియ్యం కొనే స్నేహితుడొకాయన "మా ఊరి అవతల కొండ మీద నాకు స్థలం ఉందండి, గాలి అమృతం" అని ఎప్పుడో అన్నాడట. పెదనాన్న స్థలం చూడకుండానే మాట ఖాయం చేసుకున్నాడు. ఇక నా సంగతి. తెనాలిలో ఇళ్ళ ప్లానులు గీసే ఆఫీసులో కొత్తగా చేరాను. నా పనల్లా పెద్దవాళ్ళు గీసిన గీతల మీద ట్రేసింగు గుడ్డ పరిచి మళ్ళీ అవే గీతలు గియ్యడం. అయినా చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు పెట్టుకుని తిరిగేవాణ్ణి. చుట్టాల దృష్టిలో నేను ఇంజనీరునే. నా దృష్టిలోనూ అంతే.

ప్లాను మొదలుపెట్టిన రోజే బేస్‌మట్టం దగ్గర గొడవొచ్చింది. బేస్‌మట్టం అంటే నేలకీ ఇంటి గచ్చుకీ మధ్య కట్టే ఎత్తు. మా వైపు ఇల్లు కట్టేవాడు ముందు ఇంకేదీ అడగడు, నీళ్ళెంత ఎత్తున వస్తాయని అడుగుతాడు. కాలవలు పొంగిన ప్రతిసారీ ఇంట్లో మంచాలు తేలడం చూసిన మనిషి మా పెదనాన్న. "నడుమెత్తు పెట్టరా" అన్నాడు. "కొండ మీదికి నీళ్ళెట్లా వస్తయ్యి పెదనాన్నా?" అన్నాను. "రావని నువ్వు రాసిస్తావా? వాన అక్కడ కురవదా? కురిసిన నీళ్ళు ఎటు పోతయ్యి?" అన్నాడు. నేను గీసింది చెరపడానికి రబ్బరు తీశాను. (కొండ మీద నీళ్ళు కిందికి పోతాయన్న ఆలోచన రానంత చదునైన బుర్ర నాది.) నడుమెత్తే పెట్టాను. దానికి తగ్గట్టు ముందు విశాలమైన అరుగు, మధ్యలో హాలు, వెనకాల వంటిల్లు, అన్నీ ఒకే మట్టాన, బల్ల పరిచినట్టు గీశాను.

కాగితం మీద గీతలు పెద్దమ్మకి అర్థం కావు. అందుకని మామయ్య, అంటే బాపట్లలో ఉండే పెద్దమ్మ తమ్ముడు, ఒక ఉపాయం చెప్పాడు. ఆయనకి వాస్తు తెలుసు. ఎంత తెలుసో ఎవరికీ తెలియదు గానీ గట్టిగా చెప్పేవాడు. "పునాదికి ముగ్గు పోస్తాం గదా బావా, అదేదో ముందే పోసి చూసుకుందాం" అన్నాడు. భట్టిప్రోలులో పెదనాన్న చేనుంది. మినుము పీకేశాక ఖాళీగా ఉన్న ఆ చేలో మా కొండ ఇంటిని నిజం కొలతలతో ముగ్గుతో పోశాం. మామయ్య ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలని పార పట్టుకుని ఇటు మట్టి అటు వేయించాడు. పెద్దమ్మ మెల్లిగా వచ్చి అరుగు మీద, అంటే అరుగని మేం అనుకున్న వట్టి నేల మీద, కూర్చుంది. నేను హాల్లోంచి వంటింట్లోకి అడ్డంగా నడిచాను. "గోడలోంచి పోతావేంట్రా... వాకిలి... ఉందిగా" అంది ఆయాసపడుతూనే. అప్పట్నుంచీ అందరం ముగ్గులో ఖాళీ వదిలిన చోటు నుంచే లోపలికీ బయటికీ తిరిగాం. దారిన పోయే బండివాళ్ళు ఆగి చూశారు. వంటింటి కిటికీ ఎటు ఉండాలో పెద్దమ్మే చెప్పి, ముగ్గు చెరిపించి మళ్ళీ పోయించింది. ఆ పూట ఆవిడ మొహంలో కనపడిన ఇష్టం చూసి, ఈ ఇల్లు ఎలాగైనా నిలబడాలని నాకు గట్టిగా అనిపించింది.

ఉగాది వెళ్ళాక పెద్దమ్మని పొదివి పట్టుకుని, రైళ్ళు మారి, బస్సెక్కి, ఆఖర్న ఎద్దుబండిలో కొండ ఎక్కాం. దారిలో మాతో కలిసిన ఆ బియ్యం కొనే స్నేహితుడు బండి ఆపించి "ఇదేనండి" అన్నాడు. మేం దిగి స్థలం కోసం వెతికాం. ఎంత వెతికినా కనపడలేదు. కాలు కింద పెడితే జారుతున్న రాళ్ళ వాలు తప్ప అక్కడ ఇంకేమీ లేదు. "స్థలమేదండీ?" అన్నాడు పెదనాన్న. "మనం నిలబడింది దానిమీదేనండి" అన్నాడాయన. నేను ప్లాను విప్పి పట్టుకున్నాను. ముగ్గు బుట్ట తెచ్చిన మామయ్య ఒక గుప్పెడు పోస్తే అది గీతగా నిలవకుండా దొర్లుకుంటూ కిందికి పోయింది. నా లెక్క ప్రకారం అరుగు నేల మీద ఉంటే వంటిల్లు కొండ కడుపులో ఉంటుంది, వంటిల్లు బయటికి తీస్తే అరుగు గాలిలో ఉంటుంది. మామయ్య పై వైపు చూసి, "బావా, ఈశాన్యం చూడాలంటే మెడ నొప్పెడుతోంది" అన్నాడు. జేబులో పెన్సిళ్ళు బయటికి కనపడకుండా లోపలికి నొక్కుకున్నాను.

పెదనాన్న ఒక్కడే తొణకలేదు. వాలు కింది అంచున నిలబడి, చేత్తో నడుం దగ్గర కొలత చూపించి, "ఏదేమైనా బేస్‌మట్టం ఇక్కడ దాకా రావాల్సిందే. రేపు వరదొస్తే ఏం చేస్తాం?" అన్నాడు.

బండి పక్కన రాయి మీద కూర్చున్న పెద్దమ్మ లేచింది. "ఏమండీ, మీకసలు ఎక్కడన్నా బుద్ధుందా అంట! ఊళ్ళన్నీ మన కాళ్ళ కిందుంటే ఇక్కడికి ఏ కాలవ తెగి వస్తదండీ వరద, రేపల్లె కాలవ టిక్కెట్టు కొనుక్కుని మీ వెనకే రైలెక్కి వచ్చి, ఈ బండి పట్టుకుని వేలాడుతూ కొండెక్కి మీ గడప ముందు కూర్చుంటదా, కూర్చున్నా మీ మొహం చూసి అదే దిగిపోదూ, స్థలం చూడకుండా మాటిచ్చింది చాలక, ఈ పసివాడి చేత పొలం మీద ఇల్లు గీయించి, మా తమ్ముడి చేత మట్టి తవ్వించి, నన్ను ముగ్గులో కాపురం చేయించి, ఇప్పుడు కొండకి కూడా గట్టు కడతారా!" అంది.

మేమందరం ఆవిడ ఆగడం కోసం చూస్తున్నాం. ఆ తిట్టు ఎక్కడ తెగుతుందో మాకందరికీ ఏళ్ళ తరబడి తెలుసు. పెదనాన్న అలవాటు ప్రకారం అప్పటికే వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసేశాడు కూడా. తిట్టు తెగలేదు. గుక్క తిప్పుకోకుండా చివరిదాకా వచ్చి, చివర్న ఆశ్చర్యార్థకంతో సహా పూర్తయింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. మెల్లిగా తిరిగాడు. పెద్దమ్మకి కూడా అప్పుడే తెలిసినట్టుంది, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. గోడ కోసం వెతకలేదు. పెదనాన్న దగ్గరికొచ్చి, "మళ్ళీ అనవే" అన్నాడు. "ఇంకా ఉన్నయ్యా? అన్నీ అనెయ్యి. నేనెక్కడికీ పోను." ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. మామయ్య ముగ్గు బుట్టలో తల పెట్టినంత పని చేశాడు. నేను కూడా ఏడ్చాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ తర్వాత ఇల్లు కట్టాం. నా ప్లాను పక్కన పడేసి, అక్కడి వాళ్ళు కట్టుకున్నట్టే వాలుని పట్టుకుని, మెట్లు మెట్లుగా. పై మెట్టు మీద వంటిల్లు, కింది మెట్టు మీద అరుగు. వంటింటి కిటికీ మాత్రం భట్టిప్రోలు చేలో పెద్దమ్మ చెప్పిన దిక్కునే పెట్టాం. కింది వైపు చదును చెయ్యడానికి కట్టిన గోడ నిలువెత్తు వచ్చింది. పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ ఆ గోడ చూపించి, "నడుమెత్తన్నందుకే నన్ను తిట్టారండి" అని చెప్పుకునేవాడు. వానలు మొదలవక ముందే ఇద్దరూ కొండకి వెళ్ళి, చలి తగ్గాక రేపల్లె వచ్చేవాళ్ళు. డాక్టరుగారు భయపడిన వానాకాలాలు దాటిపోయి, ఇంకా చాలా వానాకాలాలు ఉంది పెద్దమ్మ. దాచుకున్న సగాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి పెదనాన్నని పూర్తిగా తిట్టి, తృప్తిగా వెళ్ళిపోయింది.

నేను తర్వాత చాలా ఇళ్ళు గీశాను. నేల చూడకుండా మాత్రం ఒక్క గీతా గియ్యలేదు. ముగ్గు పోయించి, ఆ ఇంటావిణ్ణి అందులో నడిపించి, కిటికీ ఎటు కావాలో అడిగేవాణ్ణి. ఇప్పుడు తెనాలిలో మా ఇంటి మేడమెట్లు ఎక్కుతుంటే నాకే ఆయాసం వస్తోంది. మధ్యలో ఆగితే మా ఆవిడ పై నుంచి మొదలుపెడుతుంది, ఈ వయసులో ఇంతెత్తు మెట్లు ఎవరు పెట్టమన్నారని, మీరు గీసిన ఇల్లేగా అనుభవించండని. ఆవిడ ఊపిరి నిక్షేపంలా ఉంది. నేను కమ్మీ పట్టుకుని నిలబడి, తిట్టు పూర్తయ్యేదాకా శ్రద్ధగా విని, అప్పుడు తర్వాతి మెట్టు ఎక్కుతాను.