సుంకన్న సందేహం

సుంకన్నకు లోకంలో ఒకే ఒక్క సందేహం. దేవుడు మంచివాడైతే చెడును ఎందుకు రానిస్తాడు? దాన్ని తీర్చే పని మా ఆయనకు అప్పగించాడు. అదీ నడిరోడ్డు మీద, గొర్రెలను అడ్డం పెట్టి.

మా ఆయన ముదిగుబ్బ దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. పెళ్లి ప్రార్థనకు పోయేటప్పుడు సుంకన్న జాడే ఉండదు. కష్టంలో ఉన్న ఇంటికి బయల్దేరామా, మలుపులో గొర్రెలు, వాటి మధ్య కంబళి వేసుకుని సుంకన్న.

“అయ్యగారూ, మొన్న చెప్పింది మర్చిపోయినా. మళ్లా చెప్పు.”

మా ఆయనకు అడగడమే ఆలస్యం. మనిషికిచ్చిన స్వేచ్ఛ దగ్గర మొదలుపెట్టి, బంగారాన్ని కాల్చే కొలిమి మీదుగా, బైబిల్లో ఏ తప్పూ చేయకుండానే బాధలు పడ్డ యోబు కురుపుల దాకా వచ్చేవాడు.

“బంగారం సరే. పసిబిడ్డల సంగతేంది?” అనేవాడు సుంకన్న, గడ్డం గోక్కుంటూ. మళ్లీ మొదలు. విని విని గొర్రెలు కూడా పడుకునేవి.

వేరుశనగ చేలన్నీ మాడిపోయిన ఏడాది, మా సంఘంలోని గంగక్క భర్త మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆమె నిండు చూలాలు. కన్నీరు పెట్టలేదు, మెతుకు ముట్టలేదు. తల్లీబిడ్డా దక్కుతారో లేదోనని అందరికీ భయం. మేం ఆదరాబాదరాగా బయల్దేరితే, మలుపులో గొర్రెలు.

నాకు ఒళ్లు మండింది. “ఈ పొద్దైనా దారి ఇడువు సుంకన్నా!”

“ఒక్క సందేహం అమ్మగారూ.”

మా ఆయన గొంతు పోయేదాకా చెప్పాడు. గంగక్క ముందు కూర్చునేసరికి ఆయన దగ్గర ఒక్క మాట మిగల్లేదు. ఆమె ముఖం చూసి ఊరికే ఏడ్చాడు. అది చూసి గంగక్క బావురుమంది. సాయంత్రానికి నేను కాచిన రాగిగంజి తాగింది.

మర్నాడు సుంకన్నను నిలదీశాను. “ఇన్నేళ్లయినా నీ బుర్రకు ఎక్కలేదా?”

“ఎక్కకేం, బట్టీ వచ్చు. నా కొడుకు పోయినప్పుడు అయ్యగారు ఇదంతా చెప్పినాడు. ఒక్క ముక్కా లోపలికి పోలే. ఆఖరికి మాటలైపోయి, నా పక్కన కూచొని ఏడ్చినాడు. లాజరు సమాధికాడ ఏడ్చిన యేసయ్యే మా ఇంటికి వచ్చినట్టుండె. అందుకే, ఆ మాటల మూట ఈడనే దింపిచ్చుకుంటాండా.”

“మరి దేవుడు ఎందుకు రానిస్తాడో తెలిసిందా?”

“యాడ తెలిసింది? మనతోపాటు ఏడుస్తాడని మాత్రం తెలిసింది.”

ఇది మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. చావు కబురు వస్తే మాత్రం బండి ఎక్కుతూ అంటాను: “సుంకన్న గొర్రెలున్న వైపు నుంచి పోదామండీ, దగ్గర.”

అది పెద్ద చుట్టుదారి. మా ఆయనకు బైబిలు వచ్చినంతగా దారులు రావు, నమ్మేస్తాడు.