మోరీలో పారబోసిన గుడ్లు

అంగన్‌వాడీ టీచర్ నా బిడ్డను గోడకు ఆనించి ఎత్తు కొలిచింది. మూడేళ్లు నిండినా రెండేళ్ల పిల్లంతే ఉంది. కడుపు నిండుతోంది గానీ ఎదుగుదలకు కావలసిన తిండి అందడం లేదని హిందీలో చెప్పింది.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను.

"మన ఖాందాన్ల అందరు పొట్టోళ్లే. గిదేం బీమారీ?" అని కొట్టిపారేసింది.

నాకు ఒళ్లు మండింది. సూరత్‌లోని వడోద్ పేటలో, గదికో కుటుంబం ఉండే మా చాలీ నిండా తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లమే. ఏ ఇంట్లో చూసినా గుడ్డూ, గట్టి పప్పూ సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే మగవాళ్ల కంచంలోకే. పిల్లలకు చాయ్‌లో ముంచిన బిస్కెట్టు, ఏడిస్తే చిప్స్ ప్యాకెట్. సాంచా నడవాలి గానీ పిల్ల పెరగనక్కర్లేదా?

టీచర్‌ను బతిమాలి చాలీకి పిలిపించాను. ముద్దపప్పులో పాలకూర, పల్లీల పొడి, ఉడికిన గుడ్డు కలిపి ఎలా పెట్టాలో ఆమె చేసి చూపించింది. నలుగురు తల్లులం తలా ఇంత తెచ్చి, మేడమీద ఒకే పొయ్యి మీద వండసాగాం. పిల్లలు వరసగా కూర్చుని తినేవాళ్లు.

ఒక మధ్యాహ్నం, గుడ్డు ముట్టని మా ఇంటి యజమాని పైకొచ్చాడు. "అండా ఇధర్ నహీ చలేగా!" అంటూ, ఉడుకుతున్న గుడ్ల గిన్నెను ఎత్తి మోరీలో గుమ్మరించాడు. ఆదివారాలు మగవాళ్లు గదుల్లో ఆమ్లెట్లు వేసుకుంటే అతనికి ఏనాడూ వాసన రాలేదు. పిల్లలు ఖాళీ పళ్లేలతో చూస్తున్నారు.

గొడవ విని మెట్లెక్కి వచ్చిన మా అత్త అతని ముందు నిలబడింది.

"నా మనుమరాలి నోటికాడి బువ్వ పారవోస్తవా? సిగ్గుండాలె జర!"

ఆ తెలుగు అతనికి అర్థమైందో లేదో గానీ, మేడమీది తలుపుకు తాళం మాత్రం పడింది. మరునాడే పొయ్యిని వీధిలోకి దించాం. వీధి అతనిది కాదు. అత్తే పల్లీలు దంచింది. పక్క చాలీ ఆడవాళ్లూ గిన్నెలు పట్టుకొచ్చారు.

నా బిడ్డ ఇప్పుడు కాస్త ఎదిగింది. తోటి పిల్లల కన్నా ఇంకా పొట్టే. పోయిన కాలం మొత్తం తిరిగి రాదని టీచర్ దాచకుండా చెప్పింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా గరిటె పట్టిన నా చెయ్యి ఇప్పటికీ బిగుసుకుంటుంది.