బావగారి పులికి సాక్షి

మా ఆవిడ అన్నగారి మీసం నా నోటిమాట మీద ఆధారపడి ఉందన్న సంగతి నాకు కొత్తవలస దాటాక గానీ తెలియలేదు. అప్పటికే ఎండ నెత్తికెక్కింది. వెనక్కి పోదామంటే పెందుర్తి దాకా మళ్ళీ తొక్కాలి. పైగా కొత్తల్లుడు సగం దారిలో తిరిగొచ్చేశాడని అత్తవారి వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఇంత ముఖ్యమైన విషయం మనిషికి ముందు చెప్పొద్దా అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మాది పశ్చిమ గోదావరి. విశాఖపట్నం పోర్టులో గుమాస్తాగా చేరి ఏడాదైంది, పెళ్ళయి మూడు నెలలైంది. మా సెక్షన్లో ఒక పెద్దాయన కుదిర్చిన సంబంధం. అత్తవారిది పెందుర్తి. బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను మా గోదావరి మర్యాదలో "బావగారండీ" అంటే, "ఏటి బావా, నన్ను కలెక్టర్ని సేసేత్తన్నావు!" అని పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ మనిషి మీసం మాత్రం కలెక్టరుకి కూడా ఉండదు.

ఆ వేసవిలో ఒకరోజు ఆయన ఉన్నట్టుండి, "సెలవెట్టు బావా, సైకిళ్ళ మీద అనంతగిరి ఘాటీ ఎల్దాం. నెమళ్ళు, అడవికోళ్ళు, గుడ్డెలుగులు, అన్నీ సూపిత్తాను. గోదారోడివి, ఎప్పుడేనా కొండ మొకం సూసావేటి?" అన్నారు. గుడ్డెలుగంటే ఎలుగుబంటి అని మా ఆవిడ చెప్పింది. నాకు రోషం వచ్చింది. మే నెలలో సైకిలు మీద కొండెక్కడం ఏం సరదా, బస్సులు లేవా అని అడిగాను. "బస్సు సప్పుడికి జంతువులు పారిపోతాయి. సైకిలైతే సప్పుడుండదు" అన్నారాయన. మా ఆవిడ పక్కనుంచి, "వెళ్ళండి, అన్నయ్య అంతలా అడుగుతుంటే" అంది. అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అంత తెలివే ఉంటే నేను గుమాస్తాగా ఎందుకుంటాను.

శుక్రవారం తెల్లవారుతూనే బయలుదేరాం. ఆయన సైకిలు ఆయనదే. నాది అద్దెది. దాని చైను నాలుగు మైళ్ళకోసారి ఊడిపోయేది. ఊడినప్పుడల్లా దిగి ఎక్కించడం, చేతులు నల్లగా చేసుకోవడం, ఆ చేతులతోనే చెమట తుడుచుకోవడం. కొత్తవలస దాటాక తాటిచెట్ల కింద ముంజెలు అమ్ముతున్న ఆవిడ కనిపిస్తే ఆగాం. నేను రెండో ముంజె నోట్లో పెట్టుకుంటుండగా ఒక లారీ మా పక్కన నెమ్మదించింది. క్లీనరు కిటికీలోంచి సగం బయటికి వేలాడి, పులిలా గాండ్రించి, "ఆదివారానికి మంగలికి ఇప్పుడే సెప్పీమంటావేటి, పులిబావా!" అని అరిచాడు. లోపల డ్రైవరు పడీ పడీ నవ్వుతున్నాడు. లారీ వెళ్ళిపోయింది.

నేను బావగారి వైపు చూశాను. ఆయన ముంజె వైపు చూస్తున్నారు.

"మంగలెందుకండీ? ఈ పులిబావ ఎవరండీ?"

అప్పుడు చెప్పారు. మూడు నెలల క్రితం ఘాటీలో ఒక లారీ విరిగి ఆగిపోతే, బాడీ సంగతి చూడమని షెడ్డు నుంచి ఈయన్ని పంపారట. డ్రైవరు ఇరుసు కోసం శృంగవరపుకోట దిగాడు. ఈయన ఒక్కరే కల్వర్టు మీద కూర్చున్నారు. తెల్లవారే వేళకి పెద్దపులి రోడ్డు దాటింది. ఆటోనగర్ వచ్చి చెబితే షెడ్డు షెడ్డంతా నవ్వింది. మర్నాటికి ఈయన టిఫిన్ క్యారియరు మీద పసుపు, నలుపు చారలు వేసి ఉన్నాయి. లారీలకి రంగులేసే పెయింటరు పని అది. అక్కడినుంచి ఈయన కనిపిస్తే చాలు, గాండ్రింపులు.

"అది పోనీ బావా, నవ్వుకుంటారు. మా ఈధిలో కుళాయి దగ్గర తగువైతే ఇన్నాళ్ళూ నన్నే పిలిసీవోరు. మొన్న నాను నోరిప్పితే ఒక గుంటడు ఏటన్నాడో తెలుసా? పులిబావ మాట ఏటి ఇనీది అన్నాడు. నిన్నగాక మొన్న పుట్టినోడు!" ఆయన ముంజె తొక్క విసిరికొట్టారు. "టీ కొట్టు కాడ అందరి ముందూ సెప్పీసినాను. ఆదివారం నాటికి పులిని సూసిన సాచ్చిని తెత్తాను, తేకపోతే మీసం తీసెత్తాను అని."

"ఆ సాక్షి నేనా?"

"మరెవులు? నువ్వు గోదారోడివి, పోర్టు ఆఫీసులో కుర్సీ ఉన్నోడివి, కొత్తల్లుడివి. నీ మాట కాదంటే మా సెల్లిని అవమానం సేసినట్టు. ఎవులూ కాదన్రు."

"నాకు కనబడకపోతే?"

"కనబడతాది" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషితో ఏం వాదిస్తాం. మీసం పోతే మళ్ళీ వస్తుంది కదండీ అనబోయి ఆయన మొహం చూసి మానేశాను. ఆ మొహంలో ఉన్నది మీసం గురించిన దిగులు కాదు. ఇక తన మాటకి ఎక్కడా విలువ ఉండదన్న భయం. నాకు ఆయన మీద జాలి వేసింది, ఇలా ఇరికించినందుకు కోపమూ వచ్చింది. రెండూ కలిసి ఏం చెయ్యాలో తోచక ఇంకో నాలుగు ముంజెలు తిన్నాను.

శృంగవరపుకోట దాకా తారు కరిగి టైర్లకి అంటుకుంటూనే ఉంది. జీడిమామిడి తోటల వాసన, రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన పనసకాయలు, తలమీద అడ్డాకుల మోపులతో సంతకి పోతున్న ఆడవాళ్ళు. టెలిఫోను తీగ మీద పాలపిట్ట కనబడితే బావగారు సైకిలు దిగి దణ్ణం పెట్టి, "శకునం బాగుంది" అన్నారు. నిమిషానికే నా చైను ఊడింది. అది ఎవరి శకునమో నాకు తెలియలేదు.

బొడ్డవర దాటాక ఇక తొక్కింది లేదు, తోసిందే. ఒక మలుపులో ఎర్రగా, పొడుగాటి తోకతో ఏదో ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకి గెంతింది. నేను కోతి అన్నాను. "ఉడత బావా అది" అన్నారాయన. పిల్లి అంత ఉడుత ఉంటుందని నాకేం తెలుసు! ఇంకాస్త పైన నేను నెమలి అన్నది అడవికోడి అయింది, పాము అన్నది తీగ అయింది. ఇలాంటి కళ్ళున్న సాక్షిని తెచ్చుకున్నందుకు ఆయన అప్పుడే భయపడాల్సింది. ఆయన భయపడలేదు. కొండ సొరంగంలోంచి ఇనుపరాయి గూడ్సు బయటికొచ్చి మా పక్కనే కిందికి దిగిపోయింది. అదంతా మా పోర్టుకే వస్తుంది. ఆఫీసులో నా తెల్లచొక్కాల మీద పడే ఎర్రదుమ్ము ఇంత అందమైన చోటునుంచి వస్తోందా అని తెల్లబోయి చూశాను.

ఆ కల్వర్టుకి ఫర్లాంగు దూరంలో ఒక టీ పాక ఉంది. రాత్రికి అక్కడే పడుకోనిచ్చాడు దాని ఆసామి. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న ముసలాయన, మంచివాడు. "ఇక్కడ పులి తిరుగుతాదా తాతా?" అని బావగారు అడిగితే, "తిరగదేటి బాబూ, తిరుగుతాది" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే, "ఈ రోడ్డు మీద పులులెక్కడుంటాయి తాతా?" అని నేనడిగాను. "ఎక్కడుంటాయి బాబూ, ఉండవు" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. చోడంబలి, అంటే మా రాగి అంబలే, తాగి పడుకున్నాను గానీ నా బుర్రలో పులి ఉందీ లేదూ అని రెండు గొంతులు కొట్టుకుంటూనే ఉన్నాయి.

శనివారం వెలుగు రాగానే కల్వర్టు దగ్గరికి చేరాం. అంత వేసవిలోనూ కొండ మీద పల్చగా మంచుంది. గంటసేపు కూర్చున్నాం. ఏమీ రాలేదు. బావగారు మొహం కడుక్కుంటానని కల్వర్టు కింద సన్నగా పారుతున్న గెడ్డలోకి దిగారు. నేను పనిలో పని అని ఊడిన చైను ఎక్కించుకుంటున్నాను. ఒక్కసారిగా పైన కోతులు గగ్గోలు పెట్టాయి. తలెత్తాను.

రోడ్డుకి అవతల, ఎండుగడ్డిలోంచి వెదురు పొదల్లోకి, పొడుగ్గా, పసుపుగా ఏదో జారిపోయింది. తోక ఉందనుకుంటాను. ఒంటి మీద చారలున్నట్టే అనిపించింది, అవి వెదురాకుల నీడలు కూడా కావచ్చు. ఆవేమో. ఆ చుట్టుపక్కల ఆవులూ ఆ రంగువే. మరి ఆవుని చూసి కోతులు ఎందుకంత గోల చేస్తాయి? నన్ను చూసి చేశాయేమో. వేసవిలో ఆ కొండ మీద గడ్డీ పసుపే, మట్టీ పసుపే, పొద్దుటెండా పసుపే. ఎంత సేపు చూశానంటే కంటిరెప్ప వేసి తీసినంత సేపు.

"ఏటి బావా? ఏటది? ఏటి సూసావ్?"

బావగారు గట్టెక్కి వచ్చారు. మీసం చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళు నా నోటినే చూస్తున్నాయి.

"పులి" అనేశాను.

ఆయన రోడ్డు మీదే చతికిలబడిపోయారు. మళ్ళీ లేచి నన్ను కావలించుకున్నారు. ఎలగుంది, ఎంతుంటాది, ఇటు సూసిందేటి, ఒకటే ప్రశ్నలు. ఆ పొదల దగ్గర వెతికితే తడి ఇసకలో ఒక అడుగు కనబడింది. టీ పాక తాతని పిలుచుకొచ్చాం. "పులిదే బాబూ" అన్నాడు. నేను కడుపులో మాట ఆపుకోలేక, "కుక్కదేమో తాతా?" అన్నాను. "కుక్కదే అయ్యుంటాది బాబూ" అన్నాడు. బావగారు రెండో మాట వినిపించుకోలేదు. దిగేటప్పుడు బ్రేకులు పట్టకుండా పాట పాడుకుంటూ పోయారు. వెనకాల నేను, చూశానా, లేదా, చూశానా అనుకుంటూ.

ఆదివారం పొద్దున్న ఆటోనగర్లో టీ కొట్టు దగ్గర ఇరవై మంది దాకా పోగయ్యారు. నిజంగానే ఒక మంగలి పెట్టె ముందు పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. బావగారు ఉతికిన చొక్కా వేసుకుని నిటారుగా నిలబడ్డారు. పెయింటరు నాకు టీ ఇప్పించి, ప్లీడరులా ఎదురుగా నిలబడ్డాడు.

"పులిని సూసారా గుమస్తాగారూ?"

"చూశానండి."

"సారలా, మచ్చలా?"

 కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మచ్చలంటే అది చిరుత అవుతుంది, ఈయన చెప్పింది పెద్దపులి. తెలియదంటే మంగలి పెట్టె తెరుస్తాడు. కళ్ళు మూసుకుని ఆ వెదురు పొదని గుర్తు చేసుకోవాలని చూశాను. చిత్రం ఏమిటంటే ఈసారి చారలు శుభ్రంగా కనిపించాయి. అవి కొండ మీద చూసినవో, బావగారి టిఫిన్ క్యారియరు మీద చూసినవో చెప్పలేను.

"చారలే."

ఎవరు కాదంటారు! కొత్తల్లుడి మాట. పెయింటరు ఓ నిమిషం నన్ను ఎగాదిగా చూసి, "అయితే మనదే తప్పు" అని బావగారి చెయ్యి పట్టుకున్నాడు. మంగలి టీ తాగి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఒకడు బావగారి భుజం మీద చెయ్యేసి, తన ఇంటి గొడవేదో తీర్చడానికి సాయంత్రం రమ్మని అప్పుడే పిలిచాడు. అది చూసి నాకు కడుపు నిండింది, నిజం చెప్పొద్దూ.

పెందుర్తి తిరిగొచ్చే దారిలో బావగారు ఒక చెట్టు నీడలో సైకిలు ఆపారు. దిగి హేండిలుకి తల ఆనించారు. "ఎండకి తల తిరుగుతోందాండీ?" అన్నాను.

"కాదు బావా. నీకో మాట సెప్పాల. ఆ రోజు నాను సూసింది పులో కాదో నాకే తెలీదు. నిద్దర మొకం మీదున్నాను. పసుపచ్చగా ఏదో పోనాది. వొచ్చి పులన్నాను. ఆళ్ళు నవ్వీసరికి రోసం వొచ్చి, పెద్దపులన్నాను. ఆ తరవాత ఎనక్కి తీసుకోనేకపోనాను. మూడు నెల్లు బావా, నిద్దర నేదు. నాను అబద్దాలోణ్ణా, పిచ్చోణ్ణా అని." ఆయన కండువాతో మొహం అంతా తుడుచుకున్నారు. "నువ్వు సూసావు కాబట్టి సరిపోనాది. అక్కడ పులుంది. నాను అబద్దం ఆడ్నేదు. అంతే కదా? నిజింగా సూసావు కదా బావా?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నారు. అంత పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా.

"చూశానండి, బావగారూ" అన్నాను.

కొండ మీద ఆ మాట అన్నప్పుడు అది నిజమో అబద్ధమో నాకు తెలియదు, ఇవాళ్టికీ తెలియదు. ఆ చెట్టు కింద మాత్రం తెలిసే అన్నాను.