కూతకు వచ్చే కుక్కలు

"ఏమే, కూతకి ఏ కుక్కన్నా రాకపోతే నువ్వు వెతుక్కుంటా చేలల్లోకి పోమాక."

"సరేలేవయ్యా. ముందు ఆ మందు మింగు."

నరసరావుపేట ఆసుపత్రిలో మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. మందు మింగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఇటు తిరగలేదు. పోయే మనిషి పెళ్లాం గురించో పొలం గురించో చెబుతాడనుకుంటాం. ఆయన కుక్కల గురించి చెప్పాడు.

ఆయన పోయాక కుక్కల్ని పిలిచే కూత నేనే వేస్తున్నాను. నిన్న సాయంత్రం నా కూతకు మా కుక్క రేకులింటిది రాలేదు. మా మందలో మిగిలిన ఆడకుక్క అదొక్కటే. నిండు కడుపుతో ఉంది. అది పోతే ఆ జాతే లేదు. ఊరంతా వెతికాను. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. ఇప్పుడు పొద్దెక్కింది, ఇంకా జాడ లేదు. చేలవైపు లేచి పోబోతుంటే మా మరిది కూతురు చెయ్యి పట్టి అరుగు మీద కూలేసింది.

ఈ అమ్మాయి మొన్న ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. ఇంగ్లండులో ఏదో పల్లెటూరట. ఎర్రకోట్లు వేసుకుని గుర్రాల మీద కొందరు, ముందు కుక్కల మంద, వాటికి ముందు నక్క. అక్కడ కూడా కుక్కపిల్లల్ని రైతుల ఇళ్లలో పెంచి మందలో కలుపుతారట.

"వాళ్లు వాటి చరిత్ర రాసుకున్నారు పెద్దమ్మా. మనయ్యి ఎవురు రాస్తారు? నువ్వు చెప్పు, నేను రాస్తా" అంది.

సరే, రాసుకో తల్లీ. చెబుతూ ఉంటే కాళ్లన్నా కుదురుగా ఉంటాయేమో.

మా ఊరు గురజాల అవతల గుట్టల కింద ఉంది. గుట్ట దిగి అడవిపందులు పంటను కుళ్లగించేవి. మా ఆయన తాత కృష్ణ అవతలి గొర్రెలకాపరుల దగ్గర్నుంచి ఒక ఎర్ర కుక్కను తెచ్చాడు. దాని సంతానమే మా మంద. అప్పట్లో పందిని తరిమి కొట్టి, మాంసం ఊరంతా పంచుకునేవాళ్లు. తర్వాత అడవిశాఖవాళ్లు వేట కుదరదన్నారు. అప్పటినుంచి పందిని చేలోంచి లేపి గుట్ట ఎక్కించి రావడమే కుక్కల పని.

మందంటే అన్నీ మా ఇంట్లోనే ఉండేవి కావు. అన్నింటికీ సంకటి ఒక్క ఇల్లు ఎక్కడ పెట్టగలదు? పాలు మరిచిన పిల్లల్ని ఇంటికొకటి పంచేవాళ్లం. ఆ ఇంటామె తన చేతులతో గడప దాటించి లోపలికి తీసుకోవాలి. ఆ ఇంటి పేరే దాని పేరు. మూలింటిది, మేడింటిది, రేకులింటిది.

రేకులింటి వదిన ఈ కుక్కపిల్లను అందుకునేటప్పుడు ఎగతాళి చేసింది. "ఏందొదినా, అత్తారింటికి పంపినట్టు పంపుతున్నావు, చీరాసారె ఏయి?"

"సారె ఎందుకులే, కాస్త సంకటి మిగిల్చండి చాలు. మా అన్న తిండి చూస్తే అదే అనుమానంగా ఉంది" అన్నాను.

చానాసేపు నవ్వుకున్నాం.

సాయంత్రం మా ఆయన కళ్లం దిబ్బ మీద నిలబడి "హో... దా" అని సాగదీసి కూత వేసేవాడు. ఏ ఇంట్లో ఉన్నా, మూతి తొట్టిలో ఉన్నా రావాల్సిందే. పాలిస్తున్న తల్లి కూడా పిల్లల్ని విదిలించుకుని పరుగెత్తుకొచ్చేది. రాని కుక్కను మందలో ఉంచేవాడు కాదు.

తర్వాత పందుల కోసం చేల చుట్టూ తీగలు కట్టి, పొద్దుగూకగానే కరెంటు పెట్టి తెల్లారి తీయడం మొదలైంది. కూత వినగానే చేలకు అడ్డంపడి వచ్చే కుక్కలే ముందు పోయాయి. ఒకసారి ఆయనే వెతకబోయాడు. తనకన్నా ముందు నడిచిన కుక్క తీగ మీద పడి ఉండబట్టి ఆగాడు. ఆసుపత్రిలో ఆ మాట అనడానికి కారణం అదే.

రేకులింటివాళ్లు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్లిపోయారు. దాంతో ఈ కుక్క మా ఇంటికి తిరిగొచ్చింది. వాళ్ల ఇల్లు కూలింది. చుట్టూ మొక్కజొన్న వేశారు...

ఆగమ్మాయ్. మా మందలో ఏ కుక్కైనా ఈనడానికి తను పెరిగిన గడపకే పోయేది. కడుపు కిందికి జారితే ఆ ఇంటివాళ్లు గోనెపట్టా పరిచి ఉంచేవాళ్లు. మనుషులు లేని ఇంటిని నేను ఇళ్ల లెక్కలోంచే తీసేశాను. కుక్క తీసెయ్యలేదు.

ఇద్దరం డాబా ఎక్కాం. అమ్మాయి ఫోన్‌లో దూరాన్ని దగ్గరకు లాగి చూసింది.

"పెద్దమ్మా, పాత పొయ్యి గూట్లో ఎర్రగా కదుల్తంది! పిల్లలు కూడా ఉన్నయ్యి!"

వెంటనే ఆ చేనాయనకు ఫోన్ చేసింది. "బాబాయ్, తీగకు కరెంటు తీశావా?"

"లేదమ్మా! పొద్దున్నే మాచర్ల వచ్చా, తొందర్లో మర్చిపోయా. కరెంటు ఆపే స్టార్టర్ డబ్బా తాళం నా కాడే ఉంది. బండి మీద వస్తన్నా, నేనొచ్చేదాకా ఎవురూ గట్టు దిగమాకండి!"

ఊరి కరెంటే ఆపిద్దామంటే లైన్‌మ్యాన్ ఫోన్ ఎత్తడం లేదు.

అది బతికుందన్న సంతోషంలో నాకు తెలియకుండానే ఊపిరి నిండుగా పీల్చి నోరు తెరిచాను. అమ్మాయి అరచేత్తో నా నోరు గట్టిగా మూసింది.

"పిలవమాక! విందంటే వచ్చేసుద్ది!"

నిజమే. పిల్లల్ని వదిలేసి, తీగకు అడ్డంపడి వస్తుంది. అలా రావడమే కదా దానికి నేర్పింది. నిన్న నేను దాన్ని ఆ తీగ మీదికే పిలిచానని ఇప్పుడు తెలిసింది. పిల్లలు పుడుతూ ఉండబట్టి లేవలేక ఆగిందేమో. ఇప్పుడు లేవగలదు.

బండి చప్పుడు ఇంకా వినపడటం లేదు. ఫోన్‌లో కుక్క మాటిమాటికీ తల పైకెత్తి ఊరివైపు చూస్తోంది. కూత బయటకు రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

రాసింది చాలమ్మాయ్. ఆ చేనాయన వచ్చి కరెంటు తీసేదాకా నా నోటికి పని లేకుండా చెయ్యి. మొదట్నుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు. కూత కాడికి వచ్చినప్పుడు మాత్రం అసలు పైకి అనమాక.