గూడబాతు పిల్ల ఆకలి

భోగాపురంలో నేను పనిచేసే చోటికి సముద్రపు గాలి మళ్లినప్పుడు చేపల వాసన వస్తుంది. పక్కవాళ్లు కిటికీలు మూస్తారు. నాకు మాత్రం తేలినీలాపురం చింతచెట్ల కింద చేపల బుట్ట పక్కన కూర్చున్న పైడమ్మ టీచరు గుర్తొస్తారు.

ఆవిడ గజపతినగరంలో మాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక ఏటా శీతాకాలంలో టెక్కలి దగ్గరున్న ఆ ఊరు వెళ్లి, గూళ్లలోంచి జారిపడిన గూడబాతు పిల్లల్ని సాకేవాళ్లకు సాయపడేవారు. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పెలికాన్లనే ఈ గూడబాతుల్లో ప్రపంచంలో ఉన్న ఎనిమిది జాతుల పేర్లూ, అవి ఉండే చోట్లూ, ఆకాశంలోంచి నీళ్లలోకి దూకి వేటాడేవి ఏవో కూడా బస్సులోనే ఒప్పజెప్పాను. ఆవిడ అంతా విని, మన దగ్గరికొచ్చేది ఎలా తింటుందో ఎప్పుడైనా చూశావా అని అడిగారు. చూడలేదు.

కంచెలో ఒక పిల్ల మూలకు ఒదిగి ఉంది. పడినప్పటి నుంచి ఏమీ ముట్టలేదనీ, ఇంకో పూట ఇలాగే ఉంటే దక్కదనీ అక్కడివాళ్లు చెప్పారు. నేను దాని ముందు చేపలు వరసగా పేర్చాను. కన్నెత్తి చూడలేదు. ముక్కు కింది సంచిలో వేస్తే దాచుకుని తింటుందనుకుని ముక్కు తెరవబోయాను.

"ఆగరా. అది సంచనుకుంటన్నావేటి? మీ తాత పొలానికి గూడతో నీళ్లు తోడీవోడు కదా. గూడలో ఎవడైనా నీళ్లు దాసుకుంటాడా?" అని టీచరు నా చెయ్యి పట్టుకున్నారు.

గూడంటే చేలోకి నీళ్లు తోడే బుట్ట; పక్షి పేరులో ఉన్నది అదేనని, ఆ పేరును విప్పి చూడాలని అంతవరకు నాకు తోచనే లేదు. గూడబాతు ఆ తిత్తితో చేపల్నీ నీళ్లనీ కలిపి తోడుతుంది, నీళ్లు ఒంపేసి చేపను మింగుతుందని టీచరు చెప్పారు. పిల్లకు తెచ్చేది గొంతులోనే. పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి తింటుంది. మరి తల్లి లేని దీనికెలా పెట్టాలని అడిగాను.

"నాకూ తెలీదు. దానికో నోరు కావాల. సూద్దాం."

బకెట్ పెడితే వెనక్కి జరిగింది. చెంబులో తల పట్టలేదు. చివరికి టీచరు తన గుడ్డసంచి ఖాళీ చేసి, అడుగున చేపలు వేసి, మూతి సన్నగా పట్టుకుని దాని తలకన్నా కాస్త ఎత్తులో ఉంచారు. పిల్ల మెడ చాచింది. అంచు తడిమింది. ఉన్నట్టుండి మెడదాకా దూరిపోయింది. ఆ కుదుపులకు టీచరు చేతులు ఊగిపోతున్నాయి.

"సంచి కాదని నిన్ను కసిరేను. ఆకరికి సంచే దిక్కయినాది సూడు," అని నవ్వారు.

టీచరు ఇప్పుడు లేరు. పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పింది ఎక్కకపోతే, అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పబోయి ఆగుతాను. వాళ్లు ఎటు నుంచి అందుకుంటారో వెతకడం మొదలుపెడతాను.