తొలిధార నీళ్ళు

ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర పనిచేసే ఆమెను అందరూ పైపుల పిన్ని అంటారు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నేల కింద ఏ సందులో ఏ పైపు పోతోందో ఆమెకు కొట్టిన పిండి. వాటిలో సగం పాతకాలపు సీసం పైపులని, రాత్రంతా నిలవున్న నీళ్ళలోకి సీసం దిగుతోందని తేలిన రోజున ఆమె గుండె గుభేలుమంది. ఇంట్లో కూతురు కడుపుతో ఉంది మరి! సీసం పసిబిడ్డల బుర్రను పాడుచేస్తుంది. పోనీ మరగబెడదామా అంటే, ఎంత మరిగించినా పోయే రకం కాదది.

అప్పట్నుంచీ ట్యాంకులో ఫాస్ఫేటు మందు కలుపుతోంది. అది పైపు లోపల సన్నటి పొరలా పట్టుకుని సీసాన్ని నీళ్ళకు తగలనివ్వదు. పొర పట్టేదాకా కూతురి కోసం ఊరవతల బావి నుంచి బిందెలు మోస్తోంది. కాన్పు ముంచుకొస్తోంది. బిడ్డ భూమ్మీద పడేలోగా కొళాయి బాగుపడాలి, ఆమెకు అదొక్కటే ధ్యాస.

అందుకే ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పట్టిన బాటిళ్ళు తెచ్చి పరీక్షకు పంపింది. పరీక్ష చేయించిన నీళ్ళ శాఖ ఇంజనీరు ఫోన్ చేసి, "పిన్నిగారూ, అన్నీ శుభ్రం!" అనగానే ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ పక్కింటి వదిన దగ్గరికి పరుగెత్తింది.

"నీ కొళాయి కూడా శుభ్రమేనట వదినా!"

"ఎందుకుండదూ? నువ్వు నోరు తెరిచి అడిగితే పాచినీళ్ళు ఇస్తానా? రెండు బకెట్లు పారబోసి, చల్లగా వచ్చాకే పట్టాను. వీధిలో అందరికీ అలాగే చెప్పానులే."

పిన్ని నెత్తిన పిడుగు పడ్డట్టయింది. రాత్రంతా సీసం పైపుల్లో నిలవున్న నీళ్ళన్నీ కాలవపాలు చేసి, కొత్తగా వచ్చినవి పరీక్షకు ఇచ్చారన్నమాట!

"కొంప ముంచావు కదా వదినా! నాక్కావలసింది ఆ పాచినీళ్ళే!"

"మర్యాదకి పోయానే తల్లీ, నాకేం తెలుసు?" వదిన ముఖం చిన్నబోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటింటికీ వెళ్ళి కొళాయిలకు గుడ్డలు కట్టారు. "తెల్లారి మేమొచ్చేదాకా ఎవరైనా ముట్టారో, చేతులు విరగ్గొడతా!" అంది పిన్ని. ఆమెకంటే వదినే గట్టిగా అరిచింది. తెల్లవారగానే తొలిధార నీళ్ళు ప్రతి ఇంటి నుంచీ బాటిళ్ళలో పడ్డాయి.

ఫలితం వచ్చేదాకా పిన్నికి ముద్ద దిగలేదు. ఫోన్ మోగగానే లటుక్కున తీసింది.

"సీసం ఆనవాలు లేదు పిన్నిగారూ!"

"మళ్ళీ చెప్పు నాయనా!"

"లేదండీ! మీ ఇంట్లో కూడా లేదు! పొర పట్టేసింది!"

ఆయన ఇంకేదో చెబుతూనే ఉన్నాడు, ఈవిడ అప్పటికే వీధిలో ఉంది. ఇంటికొచ్చి, వంటింటి కొళాయి తిప్పి గ్లాసు నింపింది. ఆ తొందరలో సగం నీళ్ళు చీర మీదే ఒలికాయి. మిగిలినవి కూతురు గటగటా తాగేసింది.

"ఎలా ఉన్నాయే?"

"ఎలా ఉండటమేంటమ్మా? నీళ్ళలాగే ఉన్నాయి."

పైపుల పిన్ని అక్కడే గడప మీద కూలబడి, పక్కుమని నవ్వుతూనే భోరుమంది.